ఇంటిపేరుకు గడి లేని కాగితాలు

మా ఇంట్లో తద్దినం రోజున మూడు తరాల పేర్లు వినిపిస్తాయి. నాన్న, తాత, ముత్తాత. ఆ పైన ఎవరున్నారో పురోహితుడికీ తెలియదు, మాకూ తెలియదు, శాస్త్రానికీ అక్కరలేదు. ఆ మూడో పేరు పక్కన ఇంకొకాయన ఊసు మాత్రం మా నాయనమ్మ నోట వచ్చేది. ముత్తాతకు ఒక తమ్ముడు ఉండేవాడట, మద్రాసు వచ్చి ఓడ ఎక్కాడట, మళ్ళీ రాలేదట. "నేటాలు పోయాడు" అనేది. అది ఊరో, దేశమో, జైలో ఆమెకు తెలియదు. పోయిన తిథి తెలియదు కాబట్టి ఆయనకు తద్దినం లేదు. మహాలయ అమావాస్య నాడు అందరితోపాటు వదిలే నువ్వులూ నీళ్ళే ఆయన వాటా.

నేను పెరంబూరులో ఉంటాను. ఉద్యోగ విరమణ తర్వాత ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళి పాత కాగితాలు తిరగేస్తుంటానని తెలిసి, ఇలాంటి తాతల కోసం వెతుక్కునే బంధువులు, బంధువుల బంధువులు నన్ను పట్టుకోవడం మొదలుపెట్టారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: ఆయన బర్త్ సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది? నా జవాబు కూడా చాలాసార్లు ఒకటే: ఎక్కడా దొరకదు, ఎందుకంటే ఎవరూ రాయలేదు. అంతటితో కాఫీ తాగి లేచిపోయేవాళ్ళు కొందరు. పుట్టుక రాయకపోయినా ఆయన ఎత్తు, పుట్టుమచ్చ, పెళ్ళి, చావు ఎవరో ఒకరు రాసి ఉండవచ్చని చెబితే మళ్ళీ కూర్చునేవాళ్ళు కొందరు. ఈ వ్యాసం కూర్చునేవాళ్ళ కోసం.

ఎవరు రాశారు, దేనికి రాశారు

పుట్టుక, పెళ్ళి, చావు మనకు ఇంటి సంగతులు. వాటిని కాగితం మీద పెట్టినవాళ్ళకు అవి వేరే లెక్కలు. చర్చికి ఎందరికి బాప్తిస్మం ఇచ్చామన్న లెక్క. మునిసిపాలిటీకి కలరా ఎందరిని తీసుకుపోయిందన్న లెక్క. చెరకు తోట యజమానికి కూలివాడు ఇంకా ఎన్నేళ్ళు చాకిరీ బాకీ ఉన్నాడన్న లెక్క. కాబట్టి మీ పూర్వీకుడి జీవితంలో ఏ ఘట్టం ఎవరి డబ్బుకో, అధికారానికో, మతానికో ముడిపడి ఉందో ముందు ఆలోచించాలి. వెతకాల్సిన చోటు ఆ ఆలోచనలో నుంచే వస్తుంది.

రెండో సంగతి: ఘటన ఎక్కడ జరిగితే నమోదు అక్కడే ఉంటుంది. మనిషి ఏ ఊరివాడన్నది రిజిస్టరుకు పట్టదు. ఇది చాలా తేలికగా కనిపిస్తుంది, కానీ ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన ఆచారం ప్రకారం తొలి కాన్పు పుట్టింట్లో కదా? తండ్రి చెన్నైలో ఉద్యోగం చేస్తున్నా, పెద్దబిడ్డ పుట్టిన నమోదు తల్లి పుట్టిల్లయిన నెల్లూరులోనో గూడూరులోనో ఉంటుంది. మా వదిన ఒకామె తన అన్నగారి నమోదు కోసం చెన్నై చుట్టూ ఏడాది తిరిగింది. ఆయన పుట్టింది శ్రీకాళహస్తిలో, మేనమామ ఇంట్లో. "పురుడు ఎవరు పోశారు?" అని ముందే అడిగి ఉంటే ఆ ఏడాది మిగిలేది.

ఇక కాలం. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రభుత్వమే పుట్టుక, పెళ్ళి, చావులను నమోదు చేయడం 1837 జులై 1న మొదలైంది. స్కాట్లాండులో 1855లో. మన దగ్గర 1886లో వచ్చిన చట్టం కొన్ని వర్గాలవాళ్ళు కావాలనుకుంటే నమోదు చేయించుకోవచ్చంది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1899లో వేరే చట్టం వచ్చింది, అదీ ప్రకటించిన ప్రాంతాల్లోనే తప్పనిసరి. పల్లెల్లో జనన మరణాల పుస్తకం గ్రామ మునసబు చేతిలో ఉండేది. ఆయన శ్రద్ధ ఎంతో ఆ పుస్తకం అంత. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చి, 1970లో అమలు మొదలైంది. అందువల్ల 1880లో చిత్తూరు పక్క పల్లెలో పుట్టిన మనిషికి జనన పత్రం కోసం వెతకడమంటే బావి తవ్వకముందే బిందె దించడం.

ఇంట్లో ఉన్న ఆధారాలు

విదేశీ ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాసే ముందు మన అటక మీద వెతకాలి. జాతకం దొరికితే సగం పని అయినట్టే, అయితే దానికీ ఒక చిక్కుంది. జాతకంలో సంవత్సరం పేరు ఉంటుంది, ఆ పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. రక్తాక్షి అంటే 1924-25 కావచ్చు, 1864-65 కూడా కావచ్చు. మద్రాసులో తరాలుగా ఉన్న తెలుగు ఇళ్ళలో ఇంకో మెలిక ఉంటుంది: కొన్ని జాతకాలు తమిళ జ్యోతిష్కులు రాసినవి. వాళ్ళ సంవత్సరం ఏప్రిల్ మధ్యలో చిత్తిరై నెలతో మారుతుంది, మనది ఉగాదితో. పేర్లు ఒకటే కాబట్టి ఏడాదంతా ఇబ్బంది లేదు. ఉగాదికీ చిత్తిరైకీ మధ్య పుట్టినవాళ్ళకు మాత్రం ఒక పద్ధతిలో ఒక సంవత్సరం పేరు, ఇంకో పద్ధతిలో ఇంకో పేరు వస్తుంది. అక్కడ ఒక ఏడాది జారిపోతుంది.

పెళ్ళికి మన దగ్గర ఉన్న నమ్మకమైన రికార్డు నన్నడిగితే ఇత్తడి బిందె. మా ఇంట్లో ఒక బిందె అంచున మా తాతా నాయనమ్మల పేర్లు, చదివించిన పెద్దమనిషి పేరు, తారీఖుతో సహా చెక్కి ఉన్నాయి. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ వాళ్ళ పెళ్ళికి ఇంత స్పష్టమైన ఆధారం లేదు, ఉండే అవకాశమూ లేదు. 1955 హిందూ వివాహ చట్టం కూడా నమోదును ఐచ్ఛికంగానే వదిలింది. అన్ని పెళ్ళిళ్ళనూ తప్పనిసరిగా నమోదు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది 2006లో. తమిళనాడు చట్టం 2009లో వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం అంతకు ముందే 2002లో. కాబట్టి ముత్తాత పెళ్ళి కాగితం అడిగే విదేశీ అధికారికి ఫలానా చట్టం ఫలానా ఏడాది వచ్చిందని చూపించాలే గానీ, లేని కాగితం కోసం పల్లె పల్లె తిరగకూడదు.

ఓడ ఎక్కినవాళ్ళు

ఇప్పుడు అసలు విషయం. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, 1879 నుంచి ఫిజీకి ఒప్పంద కూలీలు, అంటే ఇన్నేళ్ళు చాకిరీ చేస్తామని కాగితం మీద కట్టుబడ్డవాళ్ళు, వెళ్ళారు. నేటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' బయలుదేరింది మన మద్రాసు నుంచే. 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. అక్కడ మొదలై 1911లో ఆగిపోయేదాకా నేటాల్‌కు వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నామంటే, వచ్చిన ప్రతి మనిషికీ ఒక వరుస నంబరు ఇచ్చారు. ఆడవాళ్ళకు, చంకలో పిల్లలకు కూడా. ఆ నంబరు బతికినంతకాలం వెంట ఉండేది. అక్కడ పుట్టిన పిల్లల నమోదులో తల్లిదండ్రుల నంబర్లు రాసేవారు. మారిషస్‌లోనూ ఇదే పద్ధతి. ఎవరైనా మీ దగ్గరకు వచ్చి తమ తాత గురించి అడిగితే పేరు కంటే ముందు ఆ నంబరు అడగండి. పేర్లు వందల్లో కలుస్తాయి, నంబరు కలవదు.

ఓడ జాబితాలో ఏమేం రాసేవారు? పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు. ఇన్ని గడులు పెట్టిన ఆ కాగితంలో ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువాడు తెలుగువాణ్ణి కలిస్తే మొదట అడిగే మాట "ఏ ఇంటివారు?" అని. గోత్రం తర్వాత, ఊరు తర్వాత. ఆ ఒక్క మాట రేవులో గుమాస్తా అడగలేదు. అడగాలని ఆయనకు తోచి ఉండదు, ఎందుకంటే ఎదుట నిలబడ్డవాళ్ళలో చాలామంది తమిళులు, వాళ్ళకు ఇంటిపేరు లేదు. అలా ఓడ ఎక్కిన రోజే మన ఇంటిపేరు రేవులో ఉండిపోయింది. కొడుకు తరానికి వచ్చేసరికి తండ్రి పేరో, కులం పేరో, పేరు చివర తగిలించే కుల బిరుదో ఇంటిపేరుగా మారింది. డర్బన్‌లో నాయుడు, రెడ్డి అని వందల కుటుంబాలు. అప్పలస్వామి అనే సింహాచలం పేరు 'అప్పల్‌సామి' అయి అక్కడ ఇంటిపేరుగా నిలిచిపోయింది. మలేసియాలో ఇప్పటికీ పేరు మధ్యలో ఫలానావారి కొడుకు, ఫలానావారి కూతురు అని మలయ్ భాషలో రాస్తారు. అందుకే ఇంటిపేరుతో మొదలుపెట్టే వెతుకులాట సముద్రం దాటి అవతలి ఒడ్డుకు చేరదు. ఊరు, తండ్రి పేరు, కులం, వయసు, ఈ నాలుగూ కలిపి పట్టుకోవాలి.

ఊరి పేరు చదవడం ఒక విద్య. చికాకోల్ అంటే శ్రీకాకుళం, కొకనాడ అంటే కాకినాడ, మసులిపటం అంటే మన బందరు. ఇవి అందరికీ తెలిసినవే. పల్లెల పేర్లతోనే తంటా. తెలుగు మనిషి పలికిన పేరును తమిళ గుమాస్తా విని, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, దాన్ని ఇంకొక తెల్లదొర డర్బన్‌లో మరో పుస్తకంలోకి ఎత్తి రాశాడు. ద, డ కలిసిపోతాయి. హకారం ఎగిరిపోతుంది. చివర 'పల్లె' ఉంటే 'పల్లి', 'పళ్ళి', 'పాలి' ఏదైనా కావచ్చు. నేను చేసే పని ఒకటే: ఆ అక్షరాలను గట్టిగా, తమిళ యాసలో పైకి చదువుతాను. పక్క బల్ల దగ్గరవాళ్ళు వింతగా చూస్తారు, కానీ మూడోసారికి ఊరు పలుకుతుంది.

జిల్లాలను కూడా ఆనాటి హద్దుల్లో చూడాలి. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకు ముందు ఆ ప్రాంతంలో చాలా భాగం నార్త్ ఆర్కాట్, కొంత కడప. అందువల్ల మా వైపువాళ్ళు కాగితాల్లో నార్త్ ఆర్కాట్ జిల్లావాళ్ళు. అది చూసి వేలూరు చుట్టూ వెతికి, తమిళులేమో అనుకుని వదిలేసిన డర్బన్ కుటుంబాలు నాకు తెలుసు. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది, పశ్చిమ గోదావరి 1925లో. 1936లో ఒడిశా వేరు పడ్డప్పుడు పాత గంజాం జిల్లాలో చాలా భాగం అటు వెళ్ళింది, కొంత ఇటే మిగిలింది. 'గంజాం' అని రాసి ఉంటే ఆ ఊరు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉందో మొదట తేల్చుకోవాలి.

ఈ జాబితాలు ఎక్కడున్నాయి? నేటాల్‌వి డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్‌వి మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరిచారు. 1860ల నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది ఫొటోలు కూడా అక్కడున్నాయి. ముత్తాత ముఖం మొదటిసారి చూసి ఏడ్చినవాళ్ళ కథలు మారిషస్ తెలుగువాళ్ళ దగ్గర వినాలి. ఫిజీ కాగితాలు సువా నగరంలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో గానీ మొదలవలేదు, మొత్తం సుమారు 60 వేల మందిలో మనవైపు నుంచి వెళ్ళింది నాలుగో వంతు. 1903కు ముందే మా తాత మద్రాసు నుంచి ఫిజీ వెళ్ళాడని ఎవరైనా అంటే, దేశమైనా తప్పు, సంవత్సరమైనా తప్పు. ఎగ్మూరులో దొరికేది ప్రధానంగా ప్రభుత్వాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు. ఎవరిని ఎలా పంపాలి, ఏ ఓడలో ఎందరు చనిపోయారు, ఎవరు ఫిర్యాదు చేశారు వంటివి. 1909 నాటి ఆ ఎర్రటి భవనంలోకి నేరుగా తాత పేరు పట్టుకుని వెళితే నిరాశే. ఓడ పేరు, సంవత్సరం తెలుసుకుని వెళితే ఆయన ప్రయాణం ఎలా సాగిందో తెలుస్తుంది.

పెళ్ళి అనే చిక్కుముడి

విచిత్రమేమిటంటే ఇంటి దగ్గర కాగితమే లేని పెళ్ళికి, ఓడ దిగిన చోట కాగితం అవసరమైంది. నేటాల్‌లో 1891 నాటి 25వ చట్టం కింద ఒప్పంద భారతీయుల పెళ్ళిళ్ళను, జనన మరణాలను 'ప్రొటెక్టర్' అనే అధికారి దగ్గర నమోదు చేయాలి. పేరుకు రక్షకుడు, పనికి లెక్కలవాడు. ఎవరి భార్య ఎవరు, ఏ పిల్లలు ఎవరివాళ్ళు అన్నది తోటలకు మనుషులను పంచడానికి కావాలి. 1895లో ఒప్పందం ముగిసి అక్కడే ఉండిపోయినవాళ్ళ మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశాక, ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అన్న లెక్క మరింత అవసరమైంది. మన దుఃఖం ఎంత పెద్దదో వాళ్ళ దస్తావేజు అంత శుభ్రంగా ఉంటుంది. ఇది రాయడానికి చేదుగానే ఉంది, కానీ వెతికేవాడికి అది ఉపయోగపడే నిజం.

ఒప్పందంతో సంబంధం లేకుండా, సొంత ఖర్చుతో వెళ్ళిన వర్తకుల పెళ్ళిళ్ళ సంగతి వేరు. 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతాల ఆచారం ప్రకారం జరిగిన పెళ్ళి అక్కడి చట్టం దృష్టిలో పెళ్ళే కాదన్నాడు. ఒక్క మాటతో దక్షిణాఫ్రికాలోని హిందూ, ముస్లిం ఇల్లాళ్ళంతా చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు. గాంధీజీ సత్యాగ్రహంలోకి ఆడవాళ్ళు కదలడానికి, కస్తూర్బా జైలుకు వెళ్ళడానికి పెద్ద కారణం ఇదే. 1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టం మూడు పౌన్ల పన్ను తీసేసి, ఒకే భార్య ఉన్న పెళ్ళిళ్ళను నమోదు చేసుకునే వీలు కల్పించింది.

చరిత్ర పాఠంగా తెలిసిన ఈ సంగతి వంశవృక్షంలో ఎక్కడ తగులుతుందో చూడండి. 1915 ప్రాంతంలో ఒక పెళ్ళి నమోదు దొరుకుతుంది, వరుడికి యాభై ఏళ్ళు, వధువుకు నలభై. వాళ్ళ పెద్దకొడుకు 1895లో పుట్టాడు. ఇది రెండో పెళ్ళేమో, కొడుకు ఇంకెవరి బిడ్డో అని కంగారుపడి డర్బన్ నుంచి నాకు ఫోను చేసినవాళ్ళు ఉన్నారు. పెళ్ళి పాతదే, కాగితం కొత్తది. తల్లిదండ్రుల పెళ్ళి తేదీ పిల్లల పుట్టిన తేదీల తర్వాత వస్తే, ఆ దేశంలో ఆ కాలంలో ఏ చట్టం మారిందో ముందు చూడాలి. ఇంటి పరువు గురించి తర్వాత ఆలోచించవచ్చు.

క్రైస్తవ కుటుంబాలకు ఈ బాధ తక్కువ. ఒంగోలు దగ్గర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ లెక్క అది. ఆ నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టుల్లో కొందరు నేటాల్ తోటలకు వెళితే, వాళ్ళ కోసం నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే బోధకుడు 1903లో అక్కడికి వెళ్ళి తెలుగు చర్చి మొదలుపెట్టాడు. చర్చి పుస్తకం ఉన్నచోట పేరుతోపాటు తల్లి పేరు, సాక్షుల పేర్లు దొరుకుతాయి. బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా, సమాధి చేసిన తేదీని పోయిన తేదీగా రాసేసుకోకూడదు, అంతే జాగ్రత్త.

కాగితం లేకుండా వెళ్ళినవాళ్ళు

బర్మాకు వెళ్ళినవాళ్ళ సంగతి వేరే. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. కాకినాడలోనో భీమిలిలోనో ఓడ ఎక్కి రంగూన్‌లో దిగడమంటే ఇప్పుడు చెన్నైలో రైలెక్కి హౌరాలో దిగడం లాంటిది. పాస్‌పోర్టు లేదు, ఒప్పందం లేదు, నంబరు లేదు. "రంగం పోయాడు" అని ఊళ్ళో చెప్పుకోవడమే రికార్డు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళందరినీ కోరంగీలని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది నడిచి వచ్చారు. నడిచి వచ్చినవాడు చేతిలో పిల్లను పట్టుకుంటాడు, పత్రాన్ని కాదు.

ఆ తర్వాత, 1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక తిరిగొచ్చినవాళ్ళకు మాత్రం కాగితాలున్నాయి. కాందిశీకులుగా నమోదు చేసి ఇచ్చిన పత్రాల్లో కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు ఉంటాయి. మా పెరంబూరు పక్కనే వ్యాసర్పాడిలో, విశాఖలో బర్మా క్యాంపులో ఆ పత్రాలు ఇనప్పెట్టెల్లో ఇంకా ఉన్నాయి. పునరావాసం కింద ఇచ్చిన దుకాణాలతోనే ఇక్కడ బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్ వెలిసింది. బర్మా వెతుకులాట రంగూన్‌లో మొదలుపెట్టకండి. ముందు వ్యాసర్పాడిలో ఒక ముసలమ్మ పెట్టె తెరిపించండి.

మలయా, అంటే ఇప్పటి మలేసియా, నేటాల్‌కూ బర్మాకూ మధ్యస్థం. కంగాణీ అనే మేస్త్రీ తన ఊరికి వచ్చి, తన వాళ్ళనే తోటకు తీసుకుపోయేవాడు. ఇది వెతికేవాడికి ఒక వరం: ఒకే తోటలో ఉన్నవాళ్ళంతా తరచుగా ఒకే తాలూకావాళ్ళు. మీ తాత ఊరు తెలియకపోతే ఆయన తోట పక్కవాళ్ళ ఊరు కనుక్కోండి. ఆవడి, నాగపట్నం శిబిరాల మీదుగా పెనాంగ్ వెళ్ళే ఈ దారి 1938లో భారత ప్రభుత్వం నిషేధించడంతో మూసుకుపోయింది. అక్కడ పుట్టినవాళ్ళ పత్రాలకు మలేసియా జాతీయ నమోదు శాఖ ఉంది.

ఆంటీ ప్రశ్న

పెరంబూరులో ఉంటే ఆంగ్లో ఇండియన్ పొరుగువాళ్ళు లేకుండా ఉండరు. రైల్వే క్యారేజీ వర్క్స్‌తో వచ్చిన కుటుంబాలు. 1947 తర్వాత సగం మంది ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయారు. మా వీధి చివరి ఆంటీ తన మేనల్లుడి కోసం, తాతగారి పెళ్ళి కాగితం లండనులో ఎలా తీసుకోవాలని అడిగింది. ఇంగ్లండు నమోదు కార్యాలయంలో దొరకదన్నాను. మళ్ళీ అదే సూత్రం: పెళ్ళి మద్రాసులో జరిగింది. అయితే లండనులోనే ఇంకోచోట దొరికింది. మద్రాసు చర్చిలు తమ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల నకళ్ళు ఏటా ఈస్టిండియా కంపెనీకి, తర్వాత ప్రభుత్వానికి పంపేవి. అవి 1698 నుంచి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఇప్పుడు కంప్యూటర్‌లోనే చూడవచ్చు. జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి ఇంకా పాతది, 1680 నాటిది. ఎలీహు యేల్ పెళ్ళి అదే ఏడాది, రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో అక్కడే జరిగాయి. దొరల పెళ్ళి మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా చూసుకోవచ్చు, మా తాత పెళ్ళికి బిందె ఒక్కటే.

మన పిల్లలు ఇంగ్లండులో స్థిరపడి అక్కడి కాగితాలు వెతికేటప్పుడు ఒక చిన్న విషయం గుర్తుంచుకోవాలి. అక్కడి పాత సూచికలు మూడేసి నెలల చొప్పున ఉంటాయి, నమోదైన తేదీని బట్టి. మార్చి నెలాఖరులో పుట్టిన బిడ్డ జూన్ సూచికలో ఉండవచ్చు. పెళ్ళి పత్రంలో ఇద్దరి తండ్రుల పేర్లే ఉండేవి. తల్లుల పేర్లకు చోటు దొరికింది 2021 మేలో. ఆస్ట్రేలియా మరణ పత్రాలు మాత్రం నాకెంతో ఇష్టం. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, ఎన్నేళ్ళుగా ఆ దేశంలో ఉన్నారు, భార్య లేదా భర్త, పిల్లల పేర్లు, అన్నీ ఒకే కాగితంలో. అయితే గోప్యత గడువులున్నాయి: న్యూ సౌత్ వేల్స్‌లో జననాలకు 100 ఏళ్ళు, పెళ్ళిళ్ళకు 50, మరణాలకు 30 దాటితేనే ఎవరికైనా తెరుస్తారు. అమెరికాలో దేశమంతటికీ ఒక రిజిస్టరు లేదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. మనవాళ్ళు ఎక్కువగా 1965 తర్వాత వెళ్ళినవాళ్ళు కాబట్టి అక్కడ ఆర్కైవ్స్ కంటే పెద్దమ్మను అడగడం త్వరగా తేలుతుంది.

చెన్నై సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే విదేశాల్లో ఉన్నవాళ్ళు మమ్మల్ని అడిగేది ఎక్కువగా ఇక్కడి కాగితాలే. కార్పొరేషన్ వెబ్‌సైటులో ఇటీవలి దశాబ్దాల జనన మరణ పత్రాలు ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. పాతవాటికి దరఖాస్తు పెట్టాలి. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి రిజిస్టరు వెతికించుకోవచ్చు, నకలు అడగవచ్చు. మరణం నకలులో కారణం మాత్రం చెప్పరు, చట్టమే వద్దంటుంది. ఇక పాత జనన నమోదుల్లో బిడ్డ పేరు ఉండకపోవడం మామూలు. బారసాల ఇరవై ఒకటో రోజున, ఆసుపత్రి నుంచి నమోదు అంతకు ముందే. 'ఆడ శిశువు' అని ఉన్నదే మీ మేనత్త కావచ్చు. పేరుతో వెతికితే దొరకదు, తల్లి పేరు, తేదీతో వెతకాలి.

చావు నుంచి వెనక్కి

ఎవరి గురించైనా మొదటగా వెతకాల్సింది మరణ పత్రం. కాలంలో మనకు దగ్గరిది, ఎక్కువ చెప్పేది అదే. అందులో తప్పులూ ఎక్కువే, ఎందుకంటే వయసు చెప్పేది చనిపోయినవాడు కాదు. ఏడుస్తున్న అల్లుడో, పక్కింటివాడో. డెబ్బై, డెబ్బై అయిదు, ఎనభై అని గుండ్రటి అంకెలుంటే అది అంచనా అని అర్థం. తారీఖు, చోటు నమ్మవచ్చు. వయసు, తల్లిదండ్రుల పేర్లు ఇంకో కాగితంతో సరిచూసుకోవాలి.

దక్షిణాఫ్రికాలో మరణ పత్రం కాక 'డెత్ నోటీస్' అని ఇంకొకటి ఉంటుంది. ఆస్తి పంపకం కోసం కోర్టు అధికారికి ఇచ్చేది. పోయినవాడు ఎక్కడ పుట్టాడు, తల్లిదండ్రులెవరు, భార్య ఎవరు, పిల్లలెవరు, అన్నీ అందులో రాయాలి. నేటాల్‌వి చాలావరకు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, సూచికను ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ఆస్తి అంటే పెద్ద భూములే కానక్కరలేదు, పొదుపు పుస్తకంలో నాలుగు పౌన్లున్నా ఫైలు తెరిచినవాళ్ళున్నారు.

పోయినవాళ్ళంతా అక్కడే పోలేదని కూడా గుర్తుంచుకోవాలి. ఒప్పందం ముగిసి తిరిగొచ్చిన ఓడలకూ జాబితాలున్నాయి. 1927 తర్వాత దక్షిణాఫ్రికా ప్రభుత్వమే డబ్బిచ్చి వెనక్కి పంపిన కుటుంబాల్లో కొన్ని, సొంత ఊళ్ళో చోటు దొరక్క, మద్రాసులోనే ఆగిపోయాయి. ఓడ ఎక్కి మాయమయ్యాడనుకున్న మనిషి, ఊరికి వంద మైళ్ళ దూరంలో రేవు పక్క పేటలోనే ముసలివాడై ఉండవచ్చు.

మా నేటాలు తాత విషయం ఇంకా తేలలేదు. జాబితాల్లో నార్త్ ఆర్కాట్ జిల్లా, చిత్తూరు తాలూకా, మా కులం, మా ముత్తాత తండ్రి పేరే తండ్రి పేరుగా ఉన్నవాళ్ళు ఇద్దరు దొరికారు. ఒకాయనకు ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ, ఇంకొకాయనకు నుదుటి మీద గంటు. మా ఊళ్ళో తొంభై దాటిన మేనత్త ఒకామె ఉంది. ఆమెను అడిగాను. "మచ్చ సంగతి ఎవరు చెప్పారు నాయనా? పొయ్యిలో పడ్డాడని మా అత్తగారు అనేది, ఎవరు పడ్డారో గుర్తు లేదు" అంది. మోచేతి మచ్చ ఆయన పేరు మీద పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక ఫైలు ఉన్నట్టు సూచిక చెబుతోంది. నకలు కోసం డబ్బు కట్టి మూడు నెలలైంది.

అది వస్తే పోయిన తారీఖు తెలుస్తుంది, ఆ ఏటి పంచాంగం వెతికి తిథి కట్టవచ్చు. మా పురోహితుడిని ముందే అడిగి పెట్టాను. ఆయన కొంచెం ఆలోచించి, అక్కడ కొడుకులుంటే మీరు పెట్టకూడదండీ, ఉన్నారో లేదో కనుక్కోండి అన్నాడు. అది కూడా ఆ కాగితంలోనే ఉండాలి.